అద్దం మీద ఆట

మ్యూనిక్ ఒలింపిక్స్ కోసం పశ్చిమ జర్మనీ 10 మార్కుల వెండి నాణేలు ముద్రించింది. మొదటిదాని మీద 1972 క్రీడలు "జర్మనీలో" అని ఉంది. తూర్పు జర్మనీ అభ్యంతరం చెప్పింది. జర్మనీలు రెండున్నాయి, పైగా ఒలింపిక్స్ ఆతిథ్యం దక్కేది నగరానికి. దాంతో అదే బొమ్మతో, "మ్యూనిక్‌లో" అని మార్చి మరో నాణెం తెచ్చారు. మిగతా బొమ్మలతో కలిపి మొత్తం ఆరు నమూనాలయ్యాయి. మ్యూనిక్, స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహ్, హాంబర్గ్ టంకశాలలు నాలుగూ వాటిని తమ తమ అక్షరంతో కొట్టాయి కాబట్టి పూర్తి సెట్టు కావాలంటే 24 నాణేలు సంపాదించాలి. ప్రూఫ్ ముద్రణలో కావాలంటే వేట మళ్లీ మొదలు.

ప్రూఫ్ అన్నది తయారీ పద్ధతి పేరు. చలామణిలోకి వెళ్లని కొత్త నాణేన్ని కూడా చాలామంది ప్రూఫ్ అనేస్తారు, అది సరికాదు. ప్రూఫ్ కోసం ముందు వెండి బిళ్లకు మెరుగు పెడతారు. అచ్చులో ఖాళీగా ఉండే భాగాన్ని అద్దంలా నునుపు చేసి, బొమ్మ ఉన్నచోట మాత్రం ఇసుక చిమ్మో, ఈ మధ్య లేజర్‌తోనో సన్నని గరుకు తెస్తారు. తర్వాత ఒక్కో బిళ్లనూ అచ్చుల మధ్య పెట్టి రెండు మూడుసార్లు గట్టిగా ఒత్తుతారు. ప్రతి నాణేన్నీ చేతి తొడుగులతో విడిగా తీస్తారు. చివరికి వెనక నల్లగా తోచే అద్దం, దాని మీద తెల్లటి మసకతో లేచిన బొమ్మ మిగులుతాయి. అచ్చులోని ఆ గరుకు ఒత్తిన కొద్దీ అరిగిపోతుంది. అందుకే ఒకే అచ్చు నుంచి వచ్చినా తొలి నాణేల్లో అద్దానికీ బొమ్మకూ మధ్య ఉన్న తేడా చివరివాటిలో ఉండదు. అనుభవమున్న సేకర్తలు దీపం కింద నాణేన్ని అటూ ఇటూ వాల్చి చూసేది దీనికోసమే.

ఈ పద్ధతి ఆటల బొమ్మలకు అబ్బినంతగా రాజుల తలలకు అబ్బలేదనే చెప్పాలి. తల కదలదు. ఆటగాడికి మాత్రం చుట్టూ చోటు కావాలి, ఆ చోటును అద్దం ఇస్తుంది.

మాంట్రియల్ ఒలింపిక్స్ ఖర్చుల కోసం కెనడా 1973 నుంచి 1976 దాకా ఏడు విడతల్లో 28 వెండి నాణేలు తెచ్చింది. 92.5 శాతం వెండి. 5 డాలర్లది 24.3 గ్రాములు, 10 డాలర్లది 48.6 గ్రాములు. సెట్టంతా తూస్తే కిలో దాటుతుంది. కెనడా పాత ఆటలకు కేటాయించిన మూడో విడతలో లక్రోస్, సైక్లింగ్, పడవ పందేలు ఉన్నాయి. అయితే లెక్కకు మించి కొట్టడం వల్ల వాటి ధర ఇప్పటికీ వెండి ధర వెనకే నడుస్తుంది. ఆధునిక ఒలింపిక్ నాణేల్లో మొదటిదైన హెల్సింకీ 500 మార్కాల నాణెం సంగతి వేరు. 1952 తేదీవి 5 లక్షలు దాటితే, 1951 తేదీవి 20 వేలలోపే. బొమ్మ ఒకటే, వెండి ఒకటే. ధర మాత్రం తేదీని బట్టి మారుతుంది.

పనితనంలో ముందడుగు 2014లో అమెరికా బేస్‌బాల్ డాలర్‌ది. ఆ నాణెం బల్లపరుపుగా ఉండదు. ఒకవైపు లోపలికి వంగి బేస్‌బాల్ గ్లవ్ అవుతుంది, మరోవైపు ఉబ్బి కుట్లతో సహా బంతి అవుతుంది. అమెరికా టంకశాల ఒంపు నాణెం కొట్టడం అదే మొదలు. నాలుగు లక్షలకు మించి కొట్టకూడదని చట్టంలోనే రాశారు.

ఇంత కష్టపడి తెచ్చిన అద్దం ఒక్క తుడుపుతో పోతుంది. తెలుగిళ్లలో వెండి నల్లబడితే విభూతితోనో చింతపండుతోనో తోముతారు. కంచానికి అది మేలే, ప్రూఫ్ నాణేనికి మాత్రం చావు. వెంట్రుకవాసి గీతలు పడితే మళ్లీ పోవు. అంచు పట్టుకునే ఎత్తాలి, గట్టి గుండ్రటి డబ్బీలో ఉంచాలి. మెత్తని పీవీసీ కవర్లలో పెడితే జిగటగా పచ్చని మరక పడుతుంది. మూత తీసిన నాణెం మీద మాట్లాడకూడదు కూడా, ఉమ్మి తుంపర చాలు మచ్చకు.

ఈ జాగ్రత్తలన్నీ మన 1982 ఢిల్లీ ఆసియా క్రీడల 100 రూపాయల నాణేనికీ కావాలి. మీద జంతర్ మంతర్ చిహ్నం. బరువు 35 గ్రాములు, అందులో సగమే వెండి. మిగతాది రాగి, నికెల్, జింకు. వెండి తూకం చూసి కొనేవాళ్లు అందుకే దీన్ని పక్కన పెడతారు. ప్రూఫ్ కోరేవాళ్లు సంవత్సరం కింద బొంబాయి టంకశాల ప్రూఫ్ గుర్తు 'బి' ఉందో లేదో చూస్తారు, ఆ తర్వాత అద్దాన్ని ఎవరైనా గుడ్డతో తుడిచారా అని వెతుకుతారు.