‘రైతుబిడ్డ’: సాంఘిక పరిశోధనకు ప్రతిపాదన

సాహిత్యము సంఘమునకు దర్పణమను మాట మన సిద్ధాంతవ్యాసములలో నానుడియై పోయినది. చలనచిత్రము పరిశోధన విషయమైనప్పుడు ఆ మాటయే విచారణ లేక దానికిని అన్వయింపబడుచున్నది. కథాసంగ్రహము, పాత్రచిత్రణము, నాటి సంఘపరిస్థితులు, ఉపసంహారము అని నాలుగు ప్రకరణములను పేర్కొన్నచో ప్రతిపాదన పూర్తియైనట్లు తలచువారు కలరు. అది విషయసూచిక యగును గాని ప్రతిపాదన కానేరదు. ప్రతిపాదనకు ప్రాణము ప్రశ్న. అట్టి ప్రశ్న యెట్లు పుట్టునో ఒక యుదాహరణమున పరిశీలింతము.

గూడవల్లి రామబ్రహ్మము 1938లో ‘మాలపిల్ల’ను, 1939లో ‘రైతుబిడ్డ’ను సారథి సంస్థ పక్షమున నిర్మించెను. రెండవదానిలో బళ్ళారి రాఘవ ప్రధానపాత్ర ధరించెను. కొసరాజు పాటలు వ్రాసెను. జమీందారు మాటను కాదని, ఎన్నికలలో రైతుల పక్షమున నిలిచిన ఒక రైతు పడిన యిడుములే యందలి కథ. జమీందారుల వ్యతిరేకతవలన ఆ చిత్రము కొన్నిచోట్ల నిషేధమునకు లోనయ్యెను.

దర్పణవాది యింతటితో తృప్తుడగును: రైతుల యాగ్రహము తెరపై ప్రతిబింబించినది, పాలకవర్గము దానిని సహింపలేదు. కాని సారథి సంస్థకు అధినేత చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాదు. జమీందారీని నిందించు చిత్రమునకు జమీందారే యేల పెట్టుబడి పెట్టెను? నింద వ్యవస్థపైననా, దుష్టుడైన యొక్క జమీందారుపైననా? దర్పణమను పదము ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పజాలదు. పరిశోధన ఆరంభమగుట యిచ్చటనే.

ప్రశ్న యేర్పడిన పిదప, సాధ్యమైన సమాధానములను వేరువేరుగా నిలుపవలెను. జమీందారులలోని రాజకీయ స్పర్ధ కారణమా? 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజా వి. వి. గిరి చేతిలో ఓడిపోయెను. అదే సంవత్సరము మదరాసులో కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. లేక దర్శకుని విశ్వాసమే ప్రబలమైనదా? లేక ‘మాలపిల్ల’ విజయముచే సాంఘికచిత్రమునకు గిరాకి యేర్పడినదా? వీనిలో దేనిని ఏ ఆధారము బలపరచునో, ఏది ఖండించునో ప్రతిపాదనలోనే చెప్పవలయును. నాటి పత్రికలు, శాసనసభా చర్చలు, ప్రకాశం పంతులుగారి అధ్యక్షతను జమీందారీ రైతుల స్థితిని విచారించిన సంఘము 1938లో సమర్పించిన నివేదిక ఇందు కుపకరించును. 1948లో జమీందారీ రద్దు శాసనము వచ్చెను గనుక, ఆ ఫలితమును 1939 నాటి చిత్రమునకు కారణముగా వెనుకకు మోపరాదు.

కథలో ఓటునకు ప్రాముఖ్యము కలదు. 1935 చట్టము ననుసరించి ఓటు ఆస్తి, విద్య మున్నగు అర్హతలకు లోబడినది. వ్యవసాయ కూలీలలో అనేకులకు అది లేదు. కావున ‘రైతు’ అను పదమున చిత్రము ఎవరిని చేర్చుకొనెను, ఎవరిని వెలుపల నుంచెను అని విచారింపవలెను. నిషేధము విషయమునను జాగ్రత్త యవసరము. అది నిషేధించినవారి భయమునకు సాక్ష్యమే గాని, ప్రేక్షకుని మనస్సు మారినదనుటకు సాక్ష్యము గాదు.

ఇట్టి పని సమాజశాస్త్రజ్ఞులదేయని తెలుగు విద్యార్థి వెనుదీయ నక్కరలేదు. సంభాషణలలో ఎవరు ఎవరిని ‘నీవు’ అనిరి, ఎవరిని ‘దొర’ అనిరి, పాటలో జానపదుల నుడి యెచ్చట నిలిచెను, గ్రాంథికచ్ఛాయ యెచ్చట చేరెను అను విషయములు అధికారస్వరూపమును సూక్ష్మముగా తెలుపును. వీనిని గుర్తింపగల శిక్షణ మన శాఖలోనిదే.

తన యూహ తప్పని తేల్చగల ఆధారమెట్టిదో ముందుగా చెప్పిన ప్రతిపాదనయే పరిశోధనకు ద్వారము. అట్లు చెప్పనిది, ఎన్ని ప్రకరణములున్నను, ముందే నిశ్చయించుకొన్న ప్రశంసకు పీఠిక మాత్రమే.