ఎవరూ వ్రాయని ఉత్తర్వు

అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ గ్లెన్ ఫైన్ కార్యాలయం 2003 జూన్‌లో వెలువరించిన నివేదిక సుమారు రెండువందల పుటల గ్రంథం. 2001 సెప్టెంబర్ 11 దాడుల దర్యాప్తులో పోలీసులు, ఇమిగ్రేషన్ అధికారులు పట్టుకుని, ఇమిగ్రేషన్ చట్టం క్రింద నిర్బంధించిన 762 మంది విదేశీయుల గాథ అందులో ఉన్నది. వారిలో అత్యధికులు ముస్లిం దేశాలవారు; మూడవ వంతు పాకిస్తానీలు. ఉదహరించేవారు ఎక్కువగా, ఆసాంతం చదివినవారు తక్కువగా ఉండే గ్రంథాలలో ఇదొకటి.

ముందుగా దాని మంచిని ఒప్పుకోవలసి ఉన్నది. ఒక ప్రభుత్వశాఖ తనలోని కార్యాలయం చేతనే తన తప్పులను తవ్వించి అచ్చువేయడం లోకంలో తరచుగా జరిగే పని కాదు. నిర్బంధితులు చాలావరకు వీసా గడువు దాటినవారో, అనుమతి లేకుండా ప్రవేశించినవారో అన్న సంగతిని నివేదిక దాచలేదు. విమర్శకులూ దాచరాదు. ఇంతకూ వారిని ఎలా పట్టుకున్నారు? ఒక కిరాణా కొట్టులో బేరం కొంచెమే ఉన్నా పనివారు ఎక్కువమంది ఉన్నారనీ, వారంతా మధ్యప్రాచ్యం మనుషులనీ పేరు చెప్పని ఒకరు ఫోను చేస్తే చాలు, అధికారులు వెళ్ళి సోదా చేశారు. గడువు దాటిన కాగితాలు కనబడితే, ఆ మనిషి ‘సెప్టెంబర్ 11 నిర్బంధితుడు’ అయ్యాడు. 762 మందిలో ఒక్కరిమీదనైనా ఆ దాడుల నేరం మోపలేదు.

మామూలు రోజులలో ఇటువంటివారు పూచీకత్తుమీద బయటికి వచ్చేవారు, లేదా స్వదేశానికి పోయేవారు. ఇక్కడ రెండూ జరగలేదు. ఎఫ్.బి.ఐ. ‘వీరితో పనిలేదు’ అని చెప్పేవరకు వదలరాదన్నది విధానం. ఆ మాట రావడానికి సగటున 80 రోజులు పట్టింది. దేశం విడిచి పొమ్మని జడ్జి చెప్పిన తరువాత కూడా కొందరిని పోనివ్వలేదు.

ఈ విధానం ఎక్కడా వ్రాతలో లేదని నివేదికే చెబుతున్నది. కాగితం లేదు, సంతకం లేదు; అయినా అందరికీ తెలుసు, అందరూ అమలు జరిపారు. న్యాయశాఖలో పై స్థాయివైపు నివేదిక వేలు చూపింది గాని, అంతకుమించి అడుగు వేయలేదు. ‘నిర్ణయించబడింది’, ‘భావించబడింది’ వంటి వాక్యాలు ఇంగ్లీషు ప్రభుత్వపత్రాలలో హాయిగా సాగిపోతాయి. వాటిని సహజమైన తెలుగులో పెట్టబోతే కర్త కావాలి: ఎవరు నిర్ణయించారు? ఎవరు భావించారు? అనువాదానికి ఒదగని ఆ ఖాళీలోనే బాధ్యత జారిపోయింది. చివర ఇచ్చిన 21 సిఫారసులు దాదాపుగా ఇకముందు పాటించవలసిన పద్ధతులను గురించినవే. పైగా, నివేదిక బయటికి వచ్చేనాటికి పాత ఇమిగ్రేషన్ సర్వీసే లేదు; 2003 మార్చిలో దానిని రద్దుచేసి, పనులను కొత్త హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు అప్పగించారు.

గ్రంథంలో మరచిపోలేని భాగం బ్రూక్లిన్ ఫెడరల్ జైలుది. అక్కడ 84 మందిని రేయింబవళ్ళు దీపాలు వెలిగే గదులలో ఉంచారు. కుటుంబాలు వచ్చి అడిగితే, అటువంటివారు ఇక్కడ లేరన్నారు. వకీలుతో మాట్లాడడానికి వారానికి ఒక ఫోను. ఆ ఫోను కావాలా అని అడిగే బదులు, జైలు ఉద్యోగి వచ్చి ‘బాగున్నారా?’ అనేవాడట. ‘బాగున్నాను’ అంటే ఆ వారానికి ఫోను అక్కరలేదని లెక్క! పరాయిభాషలో అడిగే ఈ కుశలప్రశ్నకు ముస్లిం నోట అలవాటుగా వచ్చే జవాబేమిటో పాఠకులకు చెప్పనక్కరలేదు. కష్టంలోనూ ‘అల్‌హమ్‌దులిల్లాహ్’ అనడం తల్లి ఒడిలో నేర్చినవాడు, ఆ ఒక్క మాటతో వకీలును పోగొట్టుకోగలడు. నివేదిక దీనిని సమాచారలోపంగా ఎంచింది. మర్యాదను ఉచ్చుగా వాడిన పనికి అది చాలా మెత్తని పేరు.

అదే ఏడు డిసెంబరులో వచ్చిన అనుబంధ నివేదిక మరింత గట్టిది. లేవన్న వీడియో టేపులు మూడువందలకు పైగా బయటపడ్డాయి. నిర్బంధితులను గోడకేసి నొక్కిన దృశ్యాలూ, వకీళ్ళతో మాట్లాడిన మాటలూ వాటిలో ఉన్నాయి. కొందరు కావలివారిమీద చర్యకు సిఫారసు చేసింది. జవాబుదారీ అంతవరకే దిగింది, పైకి ఎక్కలేదు.

ఇమామ్ మావర్దీ తన ‘అల్ అహ్‌కాముస్సుల్తానియ్యా’లో మజాలిమ్ న్యాయపీఠానికి ఒక అధ్యాయమే కేటాయించారు. అధికారుల దౌర్జన్యాన్ని విచారించే ఆ పీఠం, ఫిర్యాదు రాకపోయినా కదలవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, లాక్కున్నదానిని తిరిగి ఇప్పించగలదు. చరిత్రలో అది ఎంతవరకు నిలిచిందన్నది వేరే చర్చ. విచారించడం, ఇప్పించడం ఒకే చేతిలో ఉండాలన్న ఊహ మాత్రం గమనించదగినది. ఫైన్ చేతిలో మొదటిది మాత్రమే ఉన్నది.

రెండవదానికోసం నిర్బంధితులు 2002లోనే కోర్టుకు వెళ్ళారు. జిగ్లర్ వర్సెస్ అబ్బాసీ పేరుతో ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టులో తేలేసరికి 2017 జూన్ 19 వచ్చింది. నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, బ్రేయర్, గిన్స్‌బర్గ్ ఇంకొకవైపు. జైలు వార్డెన్‌మీది ఆరోపణను క్రింది కోర్టుకు తిప్పిపంపి, పై అధికారులమీద నష్టపరిహారం దావా సాగదన్నారు. అటువంటి హక్కు ఇవ్వదలిస్తే కాంగ్రెస్ చట్టం చేయాలని జస్టిస్ కెన్నెడీ వ్రాశారు. కాంగ్రెస్ ఆ చట్టం చేయలేదు.