ముచ్చటకూ రచ్చకూ నడుమ: కొత్త సామాజిక మాధ్యమాలు – వాడుకరి గోప్యత

కీలక పదాలు: గోప్యత, గుట్టు, రచ్చ, ఫోన్ నంబరు, అంగీకారం, అనువాద తెలుగు

ఉపోద్ఘాతం

జనగామ జిల్లా జఫర్‌గఢ్ మండలం వంటి చోట ఒక ఊరి మహిళా సంఘం వాట్సాప్ గ్రూపును తీసుకుందాం. పొదుపు సమావేశం ఎప్పుడో, బ్యాంకుకు ఎవరు వెళ్లాలో తెలియడానికి ఒక సభ్యురాలు అందులో చేరుతుంది. చేరగానే ఆమె ఫోన్ నంబరు గ్రూపులో ఉన్న అందరికీ కనిపిస్తుంది. బ్యాంకు ఖాతాకూ, గ్యాస్ బుకింగుకూ, పిల్లల బడికీ ఆమె ఇచ్చింది ఆ నంబరే. ఒక కబురు కోసం వచ్చిన మనిషి తన నంబరును పదిమంది చేతుల్లో పెట్టినట్టయింది. దాన్ని ఎవరూ దొంగిలించలేదు. సందేశాలకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ కూడా విఫలం కాలేదు. అయినా ఆమె నుంచి ఏదో చేజారింది. ఆ చేజారిన దానికి తెలుగులో మనం పెట్టుకున్న పేరు ‘గోప్యత’. ఆ నష్టాన్ని ఈ పేరు చెప్పగలుగుతోందా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

గోప్యత – గుట్టు

‘గోప్యం’ అనగానే నేటి తెలుగు పాఠకునికి స్ఫురించేది దాపరికం. గోప్యంగా ఉంచిన నివేదిక, గోప్యమైన మంతనం అన్న వాడుకల్లో పక్కవాడికి తెలియకూడని విషయమేదో ఉన్నదనే ధ్వని ఉంటుంది. కాని దీనికి మూలమైన ‘గుప్’ ధాతువుకు మొదటి అర్థం రక్షణ. గోపుడు, గోప్త అన్న మాటల్లో ఆ అర్థం ఇప్పటికీ నిలిచి ఉంది. కాపాడటం అన్న అర్థం వెనక్కు పోయి, దాచడం అన్నది ముందుకు వచ్చింది. యాప్‌ల సెట్టింగుల్లో ‘గోప్యత’ అన్న మాట కనిపించినప్పుడు సామాన్య వాడుకరి, నా దగ్గర దాచవలసినదేముంది అని ముందుకు సాగిపోవడానికి ఈ అర్థపరిణామం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఈ అర్థభేదం నిఘంటువుకు మాత్రమే పరిమితమైనది కాదు. 2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు దారినపోయేవారిని ఆపి, వారి వాట్సాప్‌లో గంజాయికి సంబంధించిన మాటల కోసం వెదుకుతున్న దృశ్యాలు బయటకు వచ్చాయి. తప్పు చేయనివాడు ఫోను చూపించడానికి ఎందుకు జంకాలి అన్న వాదన అటువంటి సందర్భాల్లో తప్పక వినిపిస్తుంది. గోప్యతను దాపరికంగా చదివితే ఆ వాదనకు సమాధానం దొరకదు. ఫోను యజమాని చేతనే తెరిపించిన తరువాత ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ అయినా నిష్ప్రయోజనమే.

దేశ్యపదమైన ‘గుట్టు’ ఇంతకంటే లోతైనది. దీనిలోనూ రహస్యార్థం ఉంది. గుట్టు రట్టు కావడం అంటాం. కాని ‘గుట్టుగా బతకడం’ అన్నప్పుడు నేరధ్వని లేదు, మర్యాద ఉంది. ఇల్లు గడవడం కష్టమైనా నలుగురిలో పలుచన కాకుండా నెట్టుకువచ్చే మనిషిని ఆ మాటతో మెచ్చుకుంటాం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటిస్తూ దాన్ని మానవ గౌరవంతో ముడిపెట్టింది. ఆ సంబంధం మన పల్లె నుడికారానికి కొత్తది కాదు. పారిభాషిక పదంగా ‘గుట్టు’ను స్వీకరించాలని నేను ప్రతిపాదించడం లేదు, ప్రభుత్వపత్రంలో అది ఇమడదు. అయితే ‘గోప్యత’ను వివరించవలసి వచ్చినప్పుడు మనకు అందుబాటులో ఉన్నది ఆ మాటే.

గుట్టుకు ఎదురుగా నిలిచేది రచ్చ. పదిమంది కూర్చునే చోటు రచ్చ. ఇంటి విషయాన్ని అక్కడికి తీసుకుపోతే రచ్చకీడ్చడం. ఈ రెండింటి నడుమ ఉన్నది ముచ్చట. (తెలంగాణలో ముచ్చట అంటే సంభాషణ, తీరప్రాంత పాఠకులు దీన్ని ‘ముచ్చటపడటం’తో కలపవద్దని మనవి.) ముచ్చటలో ఎవరు వింటున్నారో మాట్లాడేవారికి తెలుసు. సామాజిక మాధ్యమాలు ఇచ్చే అనుభూతి ముచ్చటది, వాటి నిర్మాణం మాత్రం రచ్చది. గ్రూపులో ఎవరు చేర్చవచ్చో వాడుకరి నిర్ణయించుకునే వీలును వాట్సాప్ 2019 ఏప్రిల్‌లో తెచ్చింది. అప్పటివరకు నంబరు తెలిసిన ఎవరైనా మనిషిని అడగకుండానే రచ్చబండ మీద కూర్చోబెట్టగలిగేవారు. ఆ వీలు వచ్చాక కూడా, మార్చుకోనంతవరకు తలుపు తెరిచే ఉంటుంది. సౌకర్యం ఉన్నదా లేదా అన్న ప్రశ్న కంటే, వాడుకరి ఏమీ చేయకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నతో ఒక వేదికను పరీక్షించడం సరైన పద్ధతి.

స్వదేశీ వేదికలు

2020 తరువాత వచ్చిన భారతీయ వేదికలను ఈ గీటురాయి మీద పెట్టి చూడాలి. 2020 జూలై 5న నాటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ‘ఎలిమెంట్స్’ను ఆవిష్కరించారు. సమాచారం దేశంలోనే ఉంటుందన్నది దాని ప్రధానమైన హామీ. అదే సంవత్సరం వచ్చిన ‘కూ’ తెలుగులోనూ రాయడానికి వీలు కల్పించింది. 2021 ఫిబ్రవరిలో ఒక ఫ్రెంచి భద్రతా పరిశోధకుడు, కూ నుంచి వాడుకరుల ఈమెయిలు, పుట్టినతేదీ వంటి వివరాలు బయటపడుతున్నాయని చూపించాడు. అవి వాడుకరులు తమ పరిచయపుటలో స్వచ్ఛందంగా చూపించుకున్నవేననీ, దీన్ని లీకు అనరాదనీ సంస్థ సమాధానమిచ్చింది. 2024 జూలైలో కూ మూతపడింది. ఆ సమాధానం మాత్రం నేటికీ విచారించదగినది. జాతరలో అందరి ఎదుటా నడిచిన మనిషి తన పుట్టినతేదీని చాటింపు వేయమన్నట్టా? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కూడా, వ్యక్తి తానే బహిరంగపరచిన సమాచారాన్ని తన పరిధి నుంచి తప్పించింది. అంటే రచ్చలో ఒకసారి పలికిన మాటకు చట్టం అండ లేదు. తాను నిలబడినది ముచ్చటలోనా, రచ్చలోనా అన్నది వాడుకరికి స్పష్టంగా తెలియని చోట ఈ మినహాయింపు అన్యాయమవుతుంది.

జోహో సంస్థ 2021లో తెచ్చిన ‘అరట్టై’ 2025 సెప్టెంబరు చివర ఒక్కసారిగా ప్రచారంలోకి వచ్చింది. అరట్టై అంటే తమిళంలో కబుర్లు, మన ముచ్చటే. లక్షలమంది చేరుతున్న ఆ రోజుల్లో అందులో కాల్స్‌కు ఆద్యంత ఎన్‌క్రిప్షన్ ఉంది, రాతపూర్వక సందేశాలకు లేదు. విమర్శ వచ్చిన తరువాత దాన్ని చేర్చే పని జరిగింది. వేదిక మనదేశానిదైతే గుట్టు భద్రమన్న భావనకు ఆధారం లేదని ఈ ఉదాహరణలు చూపుతున్నాయి. సమాచారం చెన్నైలో ఉన్నా కాలిఫోర్నియాలో ఉన్నా, మహిళా సంఘం సభ్యురాలికి కావలసింది తన నంబరు ఎవరికి కనిపిస్తుందో తేల్చుకునే అధికారం. ఫోన్ నంబరు చూపకుండా సంభాషించే వీలును సిగ్నల్ 2024లో కల్పించింది. కాబట్టి ఇది సాంకేతికంగా అసాధ్యమన్న మాట నిలవదు.

అంగీకారపు తెలుగు

పైన చెప్పిన చట్టం ప్రకారం, అంగీకారం కోరే పత్రాన్ని ఆంగ్లంలో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు ఇవ్వాలి. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఈ విధులు అమలుకు రావడానికి 18 నెలల గడువు ఉంది. అంటే తెలుగు శాఖలకు ఇది చేతిలో ఉన్న పని. మరి ఎటువంటి తెలుగు? ఇప్పుడు యాప్‌లలో కనిపించే తెలుగులో క్రియలకు కర్త ఉండడు. సమాచారం ‘సేకరించబడవచ్చు’, ‘పంచుకోబడుతుంది’. ఎవరు సేకరిస్తారు, ఎవరితో పంచుకుంటారు అన్నది ఆ ‘బడు’ ధాతువు చాటున తప్పించుకుంటుంది. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని వ్యాకరణ తరగతిలో చెప్పుకొని ఊరుకుంటాం. ఇక్కడ అది శైలీదోషంతో ఆగదు, బాధ్యతను దాచే సాధనమవుతుంది. నిజానికి గోప్యత పాటిస్తున్నది ఎవరయ్యా అంటే, వాడుకరి కాదు, సంస్థే.

పల్లెలో కిరాణా దుకాణపు ఖాతా పుస్తకంలో తన పేరిట ఏమి రాసి ఉందో బాకీదారు అడిగి చూసుకోగలిగేవాడు. వేదికల్లోనూ దాన్ని ‘ఖాతా’ అనే అంటున్నాం, కాని పుస్తకం గల్లాపెట్టె అవతలే ఉంటుంది. తన గురించి ఏ సమాచారం ఉన్నదో అడిగే హక్కును కొత్త చట్టం ఇస్తోంది. ఆ హక్కు ఉన్నదన్న సంగతి చదివితే అర్థమయ్యే తెలుగులో చెప్పకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది.

ఇదే జనగామ జిల్లాలోని పాలకుర్తితో పేరు ముడిపడిన సోమనాథుడు జానుతెనుగును ఎంచుకున్నది అందరికీ అర్థం కావాలనే. అంగీకారపత్రానికి అంతకంటే వేరే ప్రమాణం అక్కరలేదు. ‘పరిచయ జాబితా సేకరించబడవచ్చు’ అన్న ధోరణి వాక్యాన్ని ఇలా తిరగరాసి, ఏ ఊరిలోనైనా చదివి వినిపించి చూడవచ్చు: ‘మీ ఫోనులో ఉన్న నంబర్లన్నీ మా సంస్థ తీసుకుంటుంది. మా యాప్ వాడనివారి నంబర్లు కూడా అందులో ఉంటాయి. వారిని మేము అడగలేదు. మీరు వద్దంటే తీసుకోము.’