నాలుగు తీగల మీద కొలత

2012లో వచ్చిన చిన్న కంప్యూటర్ బోర్డు రాస్‌బెర్రీ పై సినిమా చూపిస్తుంది, ఇంటర్నెట్ తెరుస్తుంది. తన పిన్ను మీద ఎన్ని వోల్టులున్నాయో మాత్రం చెప్పలేదు. ఉందా, లేదా అన్నంతవరకే దానికి తెలుసు. ఎంత ఉందో తెలియాలంటే పక్కన ఏడీసీ, అంటే వోల్టేజిని అంకెగా మార్చే చిప్పు, పెట్టాలి. సరదాకి సర్క్యూట్లు కట్టేవాళ్లు తరచుగా వాడేది మైక్రోచిప్ వారి ఎంసీపీ3008. కాళ్లు 16, చానళ్లు 8, కొలత 10 బిట్లు.

పది బిట్లకు పది తీగలు లాగితే ప్రాసెసర్ పిన్నులన్నీ దానికే సరి. అందుకే బిట్లను ఒకదాని వెనక ఒకటి పంపే పద్ధతి, ఎస్పీఐ. 1980లలో మోటరోలా తెచ్చింది. క్లాక్, పోయే డేటా, వచ్చే డేటా, చిప్ సెలెక్ట్: తీగలు నాలుగే, గ్రౌండ్ ఎలాగూ ఉంటుంది. ప్రతి క్లాక్‌కూ ఒక బిట్ పోతుంది, ఒక బిట్ వస్తుంది. అంతా ఇచ్చిపుచ్చుకోవడమే. అడగాల్సింది అయిపోయాక కూడా జవాబు రావడం కోసం ప్రాసెసర్ ఉత్త సున్నాలు పంపుతూనే ఉండాలి.

చిప్ సెలెక్ట్‌ను కిందికి దించి మూడు బైట్లు పంపుతాం. మొదటి బైట్‌లో ఏడు సున్నాలు, చివర ఒక 1. ఆ 1 చూశాకే చిప్పు పలుకుతుంది. రెండో బైట్ మొదటి నాలుగు బిట్లు ఏ చానల్ కావాలో చెబుతాయి. ఆ బైట్ చివర్లోనే జవాబులోని పై రెండు బిట్లు వచ్చేస్తాయి, మిగతా ఎనిమిదీ మూడో బైట్‌లో. లైబ్రరీతో ఇదంతా ఒక్క వరుసలో అయిపోతుంది, నిజమే. అయినా ఒకసారి ఈ బైట్లను సొంతంగా కట్టి చూడమంటాను. రీడింగ్ తప్పినప్పుడు లైబ్రరీ కారణం చెప్పదు.

అసలు విశేషం క్లాక్‌లో ఉంది. చానల్ ఎంచుకోగానే చిప్పు లోపలి 20 పికోఫారడ్ కెపాసిటర్ ఒకటిన్నర క్లాక్ సేపు ఆ వోల్టేజిని పట్టుకుంటుంది. తర్వాత తక్కెడలో తూనికరాళ్లు వేసినట్టు ముందు రిఫరెన్స్‌లో (కొలతకు ప్రమాణంగా ఇచ్చే వోల్టేజిలో) సగంతో పోల్చి, తర్వాత పావు వేసి, ఎక్కువైతే తీసి, పదిసార్లు తూస్తుంది. ఒక్కో తూకానికి ఒక్కో క్లాక్. అంటే మనం జవాబు రాబట్టే క్లాకే లోపల కొలతనూ నడిపిస్తోంది. మరీ నెమ్మదిగా నడిపితే కెపాసిటర్‌లోని చార్జి కారిపోతుంది, కాబట్టి 10 కిలోహెర్ట్‌జ్‌కు తగ్గకూడదు. మరీ తొందరపెడితే తూకం కుదిరేలోపే గడువు దాటుతుంది. 5 వోల్టులకు 3.6 మెగాహెర్ట్‌జ్, 2.7 వోల్టులకు 1.35 మెగాహెర్ట్‌జ్ హద్దు. సెన్సర్ రెసిస్టెన్స్ ఎక్కువైతే ఆ ఒకటిన్నర క్లాక్‌లో కెపాసిటర్ నిండదు. అప్పుడు దాన్ని త్వరగా నింపడానికి మధ్యలో ఒక ఆప్‌యాంప్ (యాంప్లిఫయర్ చిప్పు) కావాలి.

వేగం కోసం చిప్పుకు 5 వోల్టులు ఇద్దామనిపిస్తుంది. ఇవ్వకండి. దాని అవుట్‌పుట్ కూడా 5 వోల్టులకు లేస్తుంది, రాస్‌బెర్రీ పై పిన్నులు 3.3కు మించి తట్టుకోవు. 3.3 వోల్టుల రిఫరెన్స్‌తో ఒక్కో మెట్టు సుమారు 3.2 మిల్లీవోల్టులు. డిగ్రీకి 10 మిల్లీవోల్టులిచ్చే ఎల్‌ఎం35 సెన్సర్ 30 డిగ్రీల దగ్గర 93 చూపిస్తుంది.

ఆ 3.3 మాత్రం రాస్‌బెర్రీ పై పని ఒత్తిడిని బట్టి కొంచెం ఊగుతుంది. అదే సరఫరా మీద నడిచే పొటెన్షియోమీటర్‌కు దీంతో ఇబ్బంది లేదు, రెండూ కలిసే ఊగుతాయి. ఎల్‌ఎం35 అలా కాదు, దాని మిల్లీవోల్టులు దానివే. కచ్చితమైన ఉష్ణోగ్రత కావాలంటే రిఫరెన్స్ కాలికి విడిగా స్థిరమైన వోల్టేజి ఇవ్వక తప్పదు.