ధారూరు మిక్సింగు నేర్పరి

వికారాబాదు, తాండూరుల నడుమ రైలుమార్గమందున్న ధారూరులో, నవంబరు మాసపు మెథడిస్టు క్రైస్తవ జాతరకు వచ్చిన కుటుంబమొకటి, తమ సెల్‌ఫోన్లలోని దృశ్యములను స్టూడియోకు తెచ్చి పాటలతో కూర్చి యిమ్మని కోరినదనుకొందము. ఫోనులో నిరాటంకముగా సాగిన దృశ్యమే మిక్సింగు (వీడియో కూర్పు) కంప్యూటరులో అడుగడుగునకు తడబడును. పెదవి కదలిక యొకచోట, పలుకు మరియొకచోట వినవచ్చును. కంప్యూటరు పాతబడినదని తలంచి క్రొత్తదానికై వేలు ధారపోయువారు కలరు గాని, పనియెరిగిన ఎడిటరు ముందుగా ఫైలు లక్షణములనే పరిశీలించును. సెకనుకు 30 ఫ్రేములని చెప్పుకొను ఫోను, వెలుతురు తగ్గినపుడు 24కు దిగి మరల ఎగబ్రాకవచ్చును; పెదవికిని పలుకునకును పొత్తు తప్పుట ఇందువలననే. పైగా 2013లో ప్రమాణముగా వెలువడిన హెచ్.265 అను వీడియో కుదింపు పద్ధతి, పెక్కు ఫ్రేములను సంపూర్ణముగా దాచక ఇరుగుపొరుగు ఫ్రేములతో గల భేదమును మాత్రమే దాచుటచేత, ఒక్క ఫ్రేమును చూపుటకై కంప్యూటరు అనేక ఫ్రేములను విప్పవలసివచ్చును. అందుచేత నతడు ఫైలు మార్పిడి సాఫ్ట్‌వేరైన హ్యాండ్‌బ్రేక్‌లో ఫ్రేమ్‌రేటును 30కి స్థిరపరచి, ఎడిటింగు సాఫ్ట్‌వేరైన డావిన్చీ రిజాల్వ్‌లో చిన్న ప్రాక్సీ ప్రతులను సిద్ధపరచుకొని, వానిపై కత్తిరింపు నడిపి, తుదిరూపమును ఆ స్థిరపరచిన పెద్ద ఫైలునుండియే తీయును.

నాకు మిక్కిలి గౌరవము కలిగించునది అతని ఓర్పు. కీర్తనలో చప్పట్లు చరచిన క్షణమును వెదకి, అరచేతులు కలియు ఫ్రేమును ధ్వనిరేఖయొక్క శిఖరముతో సరిపోల్చును. ఆరంభమున కుదిరినంత మాత్రమున తృప్తి చెందడు, పెదవికి పలుకు తప్పు దోషము మెల్లమెల్లగా పేరుకొనునది గనుక, కీర్తన ముగియుచోటి చప్పట్లను గూడ చూచియే ఫైలును అప్పగించును.