ఎగువనా, దిగువనా?

స్టీరియో సెట్టులో ఒక పక్క మూగబోతే చాలా ఇళ్లలో పాతది అటకెక్కుతుంది, కొత్తది కొరియర్లో దిగుతుంది. పాత రేడియో మెకానిక్కులు మాత్రం మూత విప్పకముందే తప్పు ఏ భాగంలో ఉందో తేల్చేసేవారు. వాళ్ల బల్ల మీద ఖరీదైన పరికరాలేమీ ఉండేవి కావు. ఒక మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్లు, వీటన్నిటికీ మించి వరస తప్పని వెతుకులాట. ఆ వెతుకులాటలో చాలా భాగం ఇంట్లో మనమే చేసుకోవచ్చు.

ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియోకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. తెర మీద నటుడు ఎటు ఉంటే గొంతు అటునుంచే రావాలన్నది ఆయన పట్టుదల. అందుకోసం పుట్టిన రెండు చానళ్లే రిపేరుకు పెద్ద వరం. కుడి, ఎడమ దారులు అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి చెడినదానికి పక్కనే బాగున్న జోడీ దొరుకుతుంది. ఒక్క స్పీకరు రేడియోకు ఈ సదుపాయం లేదు.

పద్ధతి ఇది. పాట ప్లేయర్లో పుట్టి, వైరు గుండా ఆంప్లిఫయర్లోకి వెళ్లి, స్పీకరులో బయటపడుతుంది. కాలవలో నీళ్లలాగే దీనికీ ఎగువ, దిగువ ఉన్నాయి. ఎడమ పక్క పలకడం లేదనుకుందాం. సెట్టు ఆపేసి, ఆంప్లిఫయర్ వెనక కుడి, ఎడమ స్పీకరు వైర్లను ఒకదాని చోట ఒకటి పెట్టాలి. మళ్లీ పాట పెట్టాక మూగతనం కుడి పక్కకు మారిందా, తప్పు మనం మార్చిన చోటికి ఎగువన ఉంది. మారకుండా ఎడమ పక్కే ఉండిపోయిందా, దిగువన ఉంది. అంటే ఆ స్పీకరో, దాని వైరో.

ఎగువన అని తేలితే స్పీకరు వైర్లు యథాస్థానంలో పెట్టి, ఈసారి ప్లేయరు నుంచి వచ్చే ఎర్ర, తెల్ల పిన్నులను ఆంప్లిఫయర్ దగ్గర అటూ ఇటూ చేయాలి. మూగతనం అప్పుడూ ఎడమ పక్కే ఉంటే ఆంప్లిఫయరే దోషి. కుడికి మారితే ఆ పిన్నులు మామూలుగా పెట్టేసి, ప్లేయరు దగ్గర మార్చి చూడాలి. అక్కడా అదే సూత్రం: మారితే ప్లేయరు, మారకపోతే వైరు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే, ఒకవేళ సెట్టు పలికినా ఎందుకు పలికిందో తెలియదు. వారం తిరక్కుండా అదే తిప్పలు. వైర్లు మార్చే ముందు సెట్టు ఆపడం కూడా ఖాయంగా పాటించాలి. పని చేస్తుండగా స్పీకరు వైర్ల కొసలు ఒకదానికొకటి తగిలితే బాగున్న చానలు కూడా కాలిపోవచ్చు.

బుర్రుమనే హమ్మింగ్ వేరే సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. బయటినుంచి, ఎర్తు దారిలో చొరబడే హమ్మింగ్ ఎక్కువగా ఆ మంద్రంలోనే ఉంటుంది. ఆంప్లిఫయర్ లోపల ఫిల్టరు కండెన్సర్ ఎండిపోతే వచ్చేది 100 హెర్ట్జ్, ఒక స్థాయి పైన. చెవి కుదిరిన మెకానిక్ ఈ తేడా వినే తప్పు లోపలా బయటా అన్నది చెప్పగలడు. మనకు అంత పట్టు లేకపోయినా ఫర్వాలేదు, ఒక్కొక్క వైరే పీకి చూస్తే చాలు. కేబుల్ టీవీ వైరు తీయగానే ఆగితే అది ఎర్తు లూపు. ల్యాప్‌టాప్ చార్జరు తీస్తే ఆగినా అంతే. అన్నీ పీకినా ఆగకపోతే కండెన్సర్ చూపించాలి. రికార్డు ప్లేయరయితే ముందు దాని సన్నటి ఎర్తు తీగ ఆంప్లిఫయర్ వెనక స్క్రూకి బిగించి ఉందో లేదో చూడాలి. హమ్మింగ్ పోతుందని ప్లగ్గుకు ఎర్తు పిన్ను తీసేసేవాళ్లున్నారు. ఆ పని ఎన్నడూ చేయకూడదు. హమ్మింగ్ చెవికి బాధ, ఎర్తు లేని సెట్టు ప్రాణానికి ప్రమాదం.

వాల్యూమ్ తిప్పేటప్పుడు మాత్రమే గరగరమంటే లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము. సెట్టు ఆపి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పలుమార్లు అటూ ఇటూ తిప్పితే పోతుంది. శుభ్రం చేసిన కొద్ది రోజులకే తిరిగొస్తే దుమ్మును తిట్టి లాభం లేదు. ముందున్న కప్లింగ్ కండెన్సర్ లీకై, వాల్యూమ్ కంట్రోల్లోకి డీసీ వస్తుండవచ్చు.

అన్నీ పలుకుతూనే పాట పలచగా, బేస్ లేకుండా వినిపిస్తే ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో చూడాలి. ఒక కోను ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, మంద్రస్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దీనికి నాకు తెలిసిన మంచి పరీక్ష ఘంటసాల పాత పాట. అది మోనో రికార్డింగు కనుక రెండు స్పీకర్లకు సరిగ్గా నడుమ కూర్చుంటే గొంతు ఎదురుగా ఒక్కచోట నిలబడాలి. గదంతా చెదిరి, ఎక్కడిదో తెలియకుండా వస్తే వైరు తిరగబడినట్టే. అనుమానం తీరకపోతే స్పీకరు వైరును ఆంప్లిఫయర్ నుంచి విడదీసి, 1.5 వోల్టుల సెల్లు క్షణం సేపు తాకించాలి. ప్లస్‌కు ప్లస్ తగిలితే పెద్ద కోను ముందుకు రావాలి.

మూత విప్పాల్సిన పని మెకానిక్‌కే వదలాలి, ముఖ్యంగా వాల్వు సెట్లు. వాటిలో వందల వోల్టులుంటాయి, ఆపిన తర్వాత కూడా కండెన్సర్లలో కాసేపు నిలుస్తాయి. ఆ దుకాణాల్లో నాకు అన్నిటికంటే నచ్చే పరికరం సీరీస్ బల్బు. రిపేరుకొచ్చిన ఆంప్లిఫయర్‌కు కరెంటును 60 లేదా 100 వాట్ల పాతకాలపు బల్బు గుండా పంపుతారు. లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలిగి ఆ భారమంతా తానే మోస్తుంది, సెట్టు కాలదు. బాగుంటే ఒక్కసారి మెరిసి మసకబడుతుంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. వేడెక్కే ఫిలమెంటే ఇక్కడ కాపలా. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొనుక్కుని 4440 ఐసీతో ఆంప్లిఫయర్లు చేసుకునే కుర్రాళ్లకు ముందు ఈ సీరీస్ బోర్డు కట్టుకోమని చెబుతాను. ఒక హోల్డరు, ఒక సాకెట్టు, ఒక చెక్క చాలు. కొత్త బోర్డుకు తొలిసారి కరెంటు దాని మీదుగానే ఇవ్వాలి.