ఎనిమిది కణాల కాపరి

అండం వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు. దాన్ని సన్నని గాజు గొట్టంతో ఎత్తి, వేడి తగ్గకుండా మరో పళ్లెంలోకి దించాలి. ప్రయోగశాలలో పిండాలను పెంచే ఎంబ్రియాలజిస్టు చెయ్యి వణకకూడదు.

ఇంక్యుబేటరులో 37 డిగ్రీలు. వీర్యకణం కలిసిన 16-18 గంటలకు సూక్ష్మదర్శినిలో రెండు కేంద్రకాలు పక్కపక్కన కనిపించాలి: ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఆలస్యమైతే అవి కనుమరుగవుతాయి. అందుకే ఈ పనికి ఆదివారం లేదు. ఎంత ఓపికో!

1977 నవంబరులో ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో జీన్ పర్డీ ఇలాగే కాపలా కాశారు. చదివింది నర్సింగు. ఆమె కళ్లముందు ఎనిమిది కణాలైన పిండమే 1978 జులై 25న ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయిస్ బ్రౌన్‌గా పుట్టింది.

పర్డీ 1985లో, 39 ఏళ్లకే కన్నుమూశారు. ఈ పనికి నోబెల్ 2010లో ఆమె సహచర శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు వచ్చింది. ఆ విజయానికి గుర్తుగా ఓల్డ్‌హామ్‌లో పెట్టే ఫలకం మీద పర్డీ పేరూ ఉండాలని ఆయన ఏనాడో ఉత్తరాలు రాశారు. అప్పట్లో ఎవరూ వినలేదు.